యంత్రహృదయం

ఉద్దేశం

వాహనం నడపడం చేతుల బలానికి, గుండె ధైర్యానికి మాత్రమే సంబంధించిన పని కాదని, వాహన స్వభావాన్ని ఎరిగిన బుద్ధికి చెందిన విద్య అని తెలియజేయడం. ఆ విద్యకు గల హద్దును, యంత్రాన్ని తయారుచేసేవారికి గల బాధ్యతను గురించి విద్యార్థులు ఆలోచించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగ సందర్భం

ఇరవయ్యో శతాబ్దపు మధ్యభాగంలో ఐరోపా, అమెరికా దేశాలలో వెనుక ఇంజను గల కార్లు లక్షల సంఖ్యలో తయారయ్యాయి. మలుపులలో వాటి ప్రవర్తన గురించి ఆ దేశాలలో పెద్ద చర్చ జరిగింది. తప్పు నడిపేవారిదా, యంత్రానిదా అనే ప్రశ్న చట్టసభల దాకా వెళ్లింది. ఆ చర్చలోని శాస్త్రాన్ని, నీతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

పాఠ్యభాగం

మహాభారతంలోని నలోపాఖ్యానం తెలుగువారికి చిరపరిచితమైన కథ. అయోధ్యాధీశుడైన ఋతుపర్ణుడు ఒక్క పగటిలో విదర్భ చేరవలసి వస్తుంది. అతని కొలువులో బాహుకుడనే మారుపేరుతో ఉన్న నలుడు రథానికి గుర్రాలను ఎన్నుకొంటాడు. అవి చూపులకు బక్కచిక్కి ఉంటాయి. ఇవి అంత దూరం లాగగలవా అని రాజు సందేహిస్తాడు. రథం కదిలిన తరువాత దారిలో రాజు ఉత్తరీయం జారి కింద పడుతుంది. రథాన్ని ఆపమని అతడు అడిగేసరికే అది యోజన దూరం వెనుకబడిపోతుంది. నలునికి తెలిసిన విద్యను పెద్దలు ‘అశ్వహృదయం’ అన్నారు. గుర్రాన్ని అదిలించే నేర్పు చాలామందికి ఉంటుంది. గుర్రం హృదయం తెలిసినవాడు మాత్రమే దానిచేత చేయించదగిన పనిని, చేయించరాని పనిని ముందుగా గుర్తించగలుగుతాడు.

గుర్రాలు పోయి యంత్రాలు వచ్చాయి. యంత్రానికి మనసు లేదు. కాని స్వభావం ఉంది. బరువు ఎక్కడ ఉన్నది, చక్రాలు ఏ తీరున అమరి ఉన్నాయి, టైర్లు నేలను ఎంతగా పట్టుకొంటున్నాయి అనే మూడు అంశాలు కలిసి ఆ స్వభావాన్ని నిర్ణయిస్తాయి. ఈ సత్యాన్ని వెనుక ఇంజను కార్లు ఎంతో స్పష్టంగా లోకానికి చూపాయి. వాటిని నడిపినవారిలో కొందరు ప్రపంచ ప్రసిద్ధమైన పోటీలు గెలిచారు. మరికొందరు సామాన్యమైన మలుపు దగ్గర ప్రమాదం పాలయ్యారు. ఒకే కోవకు చెందిన వాహనాలు ఇంత భిన్నమైన ఫలితాలను ఎందుకిచ్చాయో తెలుసుకోవాలంటే ముందుగా వాటి పుట్టుకను పరిశీలించాలి.

వాహనంలో ఇంజను వెనుక ఉండడం కొత్త విషయం కాదు. 1886లో జర్మనీకి చెందిన కార్ల్ బెంజ్ పేటెంటు పొందిన మూడు చక్రాల వాహనంలో ఇంజను కూర్చునేవారి వెనుకనే ఉండేది. 1891లో ఫ్రాన్సు దేశంలో పానార్–లెవాసోర్ సంస్థ ఇంజనును ముందుకు తెచ్చి, వెనుక చక్రాలను తిప్పే పద్ధతిని ప్రవేశపెట్టింది. క్రమంగా అదే అంతటా వ్యాపించింది. 1930 తరువాత కొందరు రూపశిల్పులు మళ్లీ పాత స్థానాన్నే ఆశ్రయించారు. చెకోస్లొవేకియాలో 1934లో టాట్రా 77 వెలువడింది. జర్మనీలో ఫెర్డినాండ్ పోర్షె రూపకల్పన చేసిన వోక్స్‌వాగన్ ‘బీటిల్’ రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఇంటింటి వాహనమైంది. 2003లో మెక్సికో దేశంలో చివరి బండి తయారయ్యేనాటికి ఆ కార్ల సంఖ్య 2 కోట్ల 15 లక్షలు దాటింది. ఫ్రాన్సులో 1947లో రెనో సంస్థ, ఇటలీలో 1957లో ఫియట్ సంస్థ ఇదే మార్గంలో చిన్న కార్లను మధ్యతరగతి వారికి అందించాయి.

ఈ అమరికలో లాభాలు లేకపోలేదు. ఇంజను ముందుండి వెనుక చక్రాలను తిప్పవలసి వస్తే కారు పొడవునా ఒక ఇనుప కడ్డీ సాగాలి. ఇంజను, గేరుపెట్టె, తిరిగే చక్రాలు ఒకే చోట ఉంటే ఆ కడ్డీతో పని లేదు. కారు నేల చదునుగా ఉంటుంది, లోపల చోటు కలిసివస్తుంది, ఖర్చు తగ్గుతుంది. అంతకంటె ముఖ్యమైన లాభం మరొకటి ఉంది. ఇంజను బరువంతా తిరిగే చక్రాల మీదనే పడటం వల్ల బురదలో, మంచులో, ఎత్తుదారిలో ఆ చక్రాలు నేలను గట్టిగా పట్టుకొంటాయి. బయలుదేరేటప్పుడు ఉత్తినే తిరగక బండిని ముందుకు తోస్తాయి.

అయితే ఏ గుణం ఎత్తుదారిలో మేలు చేసిందో ఆ గుణమే మలుపులో కీడు చేయగలదు. ఎడ్లబండికి బస్తాలు ఎత్తేటప్పుడు మన రైతు ముందు వెనుకల బరువును చూసుకొంటాడు. బరువు వెనుకకు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడల మీదినుంచి పైకి లేస్తుంది. బండి అదుపు తప్పుతుంది. వెనుక ఇంజను కారులోనూ దాదాపు ఇదే స్థితి. ఇటువంటి కార్లలో మొత్తం బరువులో సుమారు 60 శాతం వెనుక చక్రాల మీద ఉంటుంది. దారి చూపవలసిన ముందు చక్రాలు తేలికగాను, వెంట రావలసిన వెనుక భాగం బరువుగాను ఉంటాయి. బాణానికి ములికి ముందుండటం వల్ల అది సూటిగా పోతుంది. ములికిని తోకకు తగిలించి వదిలితే బాణం గాలిలోనే తలకిందులై, బరువైన కొస ముందుకు రావడానికి ప్రయత్నిస్తుంది. మలుపులో పట్టు తప్పిన వెనుక ఇంజను కారు చేసే పని ఇదే.

పట్టు అనే మాటను కొంత వివరించుకోవాలి. వేగంగా పోతున్న ఏ వస్తువైనా సూటిగానే పోవాలని చూస్తుంది. దానిని మలుపు తిప్పే బలం టైర్లకు, నేలకు నడుమగల ఘర్షణ నుంచి రావాలి. వేగం రెట్టింపైతే అదే మలుపు తిరగడానికి కావలసిన బలం నాలుగు రెట్లవుతుంది. టైరు ఇవ్వగల బలానికి మాత్రం ఒక హద్దు ఉంది. ముందు టైర్లు ముందుగా హద్దు దాటితే కారు అనుకొన్నంత తిరగక మలుపు వెలుపలికి పోతుంది. దీనిని అండర్‌స్టీర్ అంటారు. వెనుక టైర్లు ముందుగా హద్దు దాటితే కారు అనుకొన్నదానికంటె ఎక్కువ తిరిగి, వెనుక భాగం పక్కకు విసురుకొస్తుంది. దీనిని ఓవర్‌స్టీర్ అంటారు. మొదటి దానిలో భయపడి వేగం తగ్గించినా చాలావరకు మేలే జరుగుతుంది. రెండవ దానిలో భయమే శత్రువు.

ఎందువల్లనో చూద్దాం. కొత్తవాడొకడు వెనుక ఇంజను కారులో కొంచెం ఎక్కువ వేగంతో మలుపులోకి ప్రవేశించాడనుకొందాం. ముందు భాగం తేలిక గనుక మొదట కారు సరిగా తిరగనట్లు తోస్తుంది. అతడు స్టీరింగును మరికొంత తిప్పుతాడు. అయినా రోడ్డు అంచు దగ్గరవుతున్నట్లు కనిపిస్తుంది. అప్పుడతడు మానవ సహజంగా ఎక్సిలరేటరు మీదినుంచి కాలు చటుక్కున తీసివేస్తాడు. లేదా బ్రేకు తొక్కుతాడు. ఆ క్షణంలో కారు బరువు ముందుకు ఒరుగుతుంది. అంతదాకా తేలికగా ఉన్న ముందు టైర్లకు హఠాత్తుగా పట్టు దొరుకుతుంది. అవి అప్పటికే ఎక్కువగా తిరిగి ఉన్నాయి. వెనుక టైర్ల మీద భారం తగ్గి వాటి పట్టు సడలుతుంది. అక్కడున్న ఇంజను మాత్రం సూటిగానే పోవాలని తోస్తూ ఉంటుంది. ఫలితంగా వెనుక భాగం పక్కకు విసురుకొని కారు బొంగరంలా తిరుగుతుంది. ఇక్కడ డ్రైవరు చేసిన ప్రతి పనీ అతనికి సహజంగా తోచినదే. అయినా అన్నీ కలిసి కీడు చేశాయి. ప్రమాదానికి కారణం నిర్లక్ష్యమే అని మనం తేలికగా అంటుంటాం. ఇక్కడ కారణం జాగ్రత్తపడదామన్న తొందరే.

బీటిల్, తొలినాటి షెవ్రొలే ‘కార్వేర్’ వంటి కార్లలో మరొక చిక్కు కూడా ఉండేది. వాటి వెనుక ఇరుసు రెండు ముక్కలుగా ఉండి, నడుమ ఉన్న గేరుపెట్టె దగ్గర మాత్రమే కీళ్లపై ఆడేది. దీనిని స్వింగ్ యాక్సిల్ అంటారు. కావడి మోసేవాడిని తలచుకొంటే ఇది సులభంగా బోధపడుతుంది. భుజం పైకి లేచినప్పుడు బద్ద రెండు కొసలూ కిందికి వంగినట్లే, కారు వెనుక భాగం పైకి లేచినప్పుడు ఈ ఇరుసు కొసలు రెండూ కిందికి వాలుతాయి. వాటితోపాటు చక్రాలు కూడా ఒరిగి, టైరు నేల మీద చదునుగా ఆనక అంచు మీద నిలుస్తుంది. తీవ్రమైన మలుపులో వెలుపలి చక్రం మీద పడే బలమే కారును పైకెత్తుతుంది. అంటే పట్టు ఎక్కువగా కావలసిన సమయంలోనే టైరు పట్టు తగ్గిపోతుంది. కొన్ని సందర్భాలలో కారు బోర్లాపడటానికి కూడా ఇది దారితీస్తుంది.

మరి నేర్పరి ఏమి చేస్తాడు? అతని నేర్పు మలుపులో కంటె మలుపుకు ముందే ఎక్కువగా కనిపిస్తుంది. కారు సూటిగా పోతున్నప్పుడే బ్రేకు వేసి వేగాన్ని తగ్గిస్తాడు. తగిన గేరులోకి మారుతాడు. మలుపులోకి ప్రవేశించిన తరువాత ఎక్సిలరేటరును నిలకడగా ఉంచి, వెనుక చక్రాల మీద భారం తగ్గకుండా చూస్తాడు. మలుపు చివర కనిపించినప్పుడు మెల్లమెల్లగా వేగం పెంచుతాడు. ఒకవేళ వెనుక భాగం జారడం మొదలైతే అది ఏ వైపుకు జారుతున్నదో ఆ వైపుకే స్టీరింగును తిప్పుతాడు. చూపును మాత్రం తాను పోదలచిన దారి మీదనే నిలుపుతాడు. అతని చేతులలో తొందరపాటు ఉండదు. చూచేవారికి అతడేమీ చేయనట్లే ఉంటుంది. నిజానికి చేయవలసినదంతా అతడు ముందే చేసి ఉంటాడు.

ఇట్లాంటి చేతులలో పడినప్పుడు వెనుక బరువే వరమైంది. ఐరోపాలో శీతకాలంలో జరిగే మాంటీకార్లో ర్యాలీలో మంచు కప్పిన కొండదారుల మీద కార్లు పరుగెత్తాలి. 1968లో బ్రిటన్‌కు చెందిన విక్ ఎల్‌ఫర్డ్, 1969, 1970 సంవత్సరాలలో స్వీడన్‌కు చెందిన బ్యోర్న్ వాల్డెగార్డ్ వెనుక ఇంజను గల పోర్షె 911 కారుతో ఆ పోటీ గెలిచారు. ఫ్రాన్సు దేశపు ఆల్పైన్ ఏ110 కారు కూడా వెనుక ఇంజనుదే. ఆ కార్లతో ఆల్పైన్–రెనో సంస్థ 1973లో మొట్టమొదటి ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌ను సాధించింది. మంచు మీద వెనుక చక్రాలకు దొరికే పట్టును, మలుపులో తేలికగా తిరిగే వెనుక భాగాన్ని ఆ డ్రైవర్లు తమకు అనుకూలంగా మలచుకొన్నారు. సామాన్యుని పాలిట దోషమే వారి చేతిలో ఆయుధమైంది.

ఇంతవరకు చదివినవారికి లోపమంతా నేర్పులేని డ్రైవరుదే అనిపించవచ్చు. అమెరికాలో కార్వేర్ కథ ఆ అభిప్రాయాన్ని ప్రశ్నించింది. 1959 చివర, 1960 సంవత్సరపు నమూనాగా జనరల్ మోటార్స్ సంస్థ ఈ కారును విడుదల చేసింది. ఇంజను వెనుక ఉంది. ఇరుసు స్వింగ్ యాక్సిల్. కారు వెలుపలికి ఒరగడాన్ని తగ్గించే కడ్డీని మొదటి నమూనాలలో ముందు భాగాన అమర్చలేదు. దానికి బదులు టైర్ల గాలి తేడాతో కారును అదుపులో ఉంచవచ్చునని తయారీదారులు భావించారు. ముందు టైర్లలో చదరపు అంగుళానికి 15 పౌన్లు, వెనుక టైర్లలో 26 పౌన్ల గాలి ఉండాలని సూచించారు. నాలుగు చక్రాలకూ ఒకే గాలి పట్టించడం లోకంలో అలవాటు. ఆ చిన్న అలవాటే ఈ కారులో స్వభావాన్ని మార్చివేయగలదు. ఇంటి అవసరాలకు కారు కొన్న గృహస్థు ప్రాణం ఆ 11 పౌన్ల తేడా మీద ఆధారపడి ఉన్నదన్న మాట.

1965లో రాల్ఫ్ నేడర్ అనే యువ న్యాయవాది ‘అన్‌సేఫ్ ఎట్ ఎనీ స్పీడ్’ అనే గ్రంథాన్ని వెలువరించాడు. ఏ వేగంలోనూ క్షేమం లేదని ఆ పేరుకు భావం. అందులో మొదటి అధ్యాయం కార్వేర్ గురించినదే. ప్రమాదం జరిగిన ప్రతిసారీ డ్రైవరును నిందించే ఆచారాన్ని అతడు తప్పుపట్టి, యంత్రాన్ని రూపొందించినవారి బాధ్యతను గుర్తుచేశాడు. మరుసటి సంవత్సరం, అంటే 1966లో, వాహనాలకు భద్రతా ప్రమాణాలను విధించే చట్టం అమెరికాలో అమలులోకి వచ్చింది. ఆ గ్రంథం రేపిన చర్చ అందుకు ఎంతో దోహదం చేసింది.

ఈ కథకు మరొక పార్శ్వం కూడా ఉంది. 1972లో అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ తన పరిశీలన ఫలితాలను ప్రకటించింది. 1960 నుంచి 1963 వరకు తయారైన కార్వేర్, సాటి కార్లకంటె ఎక్కువగా అదుపు తప్పే గుణం కలది కాదని అందులో తేల్చింది. నేడర్ ఆ నిర్ణయాన్ని అంగీకరించలేదు. సత్యాన్వేషణ చేసేవారు రెండు పక్షాలనూ వినాలి. ఒక్క కారునే దోషిగా నిలబెట్టడం న్యాయం కాకపోవచ్చు. ‘తక్కినవాటికంటె చెడ్డది కాదు’ అన్నంత మాత్రాన ‘సామాన్యునికి క్షేమమైనది’ అని అర్థం రాదు. ఈ రెండు వాక్యాల నడుమగల తేడాయే ఆ చర్చ మనకు నేర్పిన పాఠం.

తయారీదారులు కూడా క్రమంగా ఈ తేడాను గుర్తించారు. కార్వేర్‌కు 1964లో ముందు భాగాన కడ్డీని, వెనుక అదనపు స్ప్రింగును అమర్చారు. 1965లో స్వింగ్ యాక్సిల్‌ను పూర్తిగా తొలగించారు. పోర్షె సంస్థ 1969 సంవత్సరపు నమూనాలో 911 కారు వెనుక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనుకకు జరిపింది. ఇంజనును కదల్చకుండా చక్రాలను దాని దగ్గరకు తెచ్చి, వెనుక వేలాడే బరువు ప్రభావాన్ని తగ్గించింది. మనదేశంలో 2009లో అమ్మకానికి వచ్చి, 2018 వరకు తయారైన టాటా నానో కూడా వెనుక ఇంజను కారే. దానికి ముందు టైర్లకంటె వెనుక టైర్లను వెడల్పుగా అమర్చారు. వెనుక పట్టు ముందుగా సడలకుండా ఉండడానికి ఇది తోడ్పడుతుంది. 1995 నుంచి, కారు జారడం మొదలైన వెంటనే ఒక్కొక్క చక్రానికి విడివిడిగా బ్రేకు వేసి సరిదిద్దే ఎలక్ట్రానిక్ ఏర్పాటు కూడా వాడుకలోకి వచ్చింది. ఒకనాడు నేర్పరి చేతులు చేసిన పనిలో కొంత భాగాన్ని ఈనాడు యంత్రమే చేస్తున్నది.

అయితే నేర్పుతో ఇక పని లేదని భావించరాదు. ఏ ఏర్పాటూ టైరుకు లేని పట్టును సృష్టించలేదు. హద్దు దాటిన వేగాన్ని ఏ యంత్రమూ క్షమించదు. పద్దెనిమిది సంవత్సరాలు నిండి, లైసెన్సు పొంది వాహనం చేపట్టబోయే యువతీయువకులు ఈ విషయం మనసులో ఉంచుకోవాలి. ద్విచక్ర వాహనం గాని, కారు గాని, అది మలుపులో ఎట్లా ప్రవర్తిస్తుందో, వెనుక మరొకరు కూర్చుంటే దాని నడక ఎట్లా మారుతుందో, టైర్లలో గాలి ఎంత ఉండాలో తెలుసుకొన్న తరువాతనే దానిని నడపాలి. వేగం తగ్గించవలసిన చోటు మలుపు కాదు. మలుపుకు ముందున్న సూటి దారి. జీవితంలోని అనేక నిర్ణయాలకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

మళ్లీ నలుని కథ దగ్గరకు వద్దాం. ఆ ప్రయాణంలోనే ఋతుపర్ణుడు దారి పక్కనున్న తాండ్రచెట్టు ఆకులను, కాయలను లెక్కించకుండానే వాటి సంఖ్య చెప్పి నలుని ఆశ్చర్యపరుస్తాడు. అతనికి తెలిసినది ‘అక్షహృదయం’, అంటే పాచికల మర్మం తెలిసిన విద్య; లెక్కలలోనూ అతడు నేర్పరి. నలునిది గుర్రాల మర్మం తెలిసిన విద్య. ఇద్దరూ తమ విద్యలను పరస్పరం ఇచ్చిపుచ్చుకొంటారు. వాహనాన్ని రూపొందించేవారి దగ్గర లెక్కలున్నాయి. నడిపేవారి దగ్గర అనుభవం ఉంది. ఒకరి విద్య మరొకరికి అందనప్పుడే ప్రాణాపాయం కలుగుతుంది. నేర్పరికి మాత్రమే లొంగే యంత్రం అద్భుతం కావచ్చు. నేర్పు లేనివాని ప్రాణాన్ని కూడా కాపాడే యంత్రమే ఉత్తమం. అటువంటి యంత్రం దొరికిన తరువాత కూడా నేర్పును వదులుకోనివాడే నిజమైన సారథి.

కఠినపదాలు – అర్థాలు

చిరపరిచితం : చాలాకాలంగా తెలిసినది
ఉత్తరీయం : పైవస్త్రం
ములికి : బాణపు మొన
ఘర్షణ : రాపిడి
ఇరుసు : చక్రాలను కలిపే కడ్డీ
పార్శ్వం : పక్క, వైపు
దోహదం : తోడ్పాటు
సారథి : రథాన్ని నడిపేవాడు

అభ్యాసం

I. ఈ కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. వెనుక ఇంజను కారు మలుపులో అదుపు తప్పే విధానాన్ని వివరించి, నేర్పరి అయిన డ్రైవరు దానిని ఎట్లా నివారిస్తాడో తెలపండి.
2. కార్వేర్ చర్చలోని రెండు పక్షాల వాదాలను వివరించి, మీ అభిప్రాయాన్ని సమర్థించండి.

II. ఈ కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఇంజను వెనుక ఉండడం వల్ల కలిగే లాభాలు ఏవి?
2. స్వింగ్ యాక్సిల్‌ను రచయిత కావడితో ఎందుకు పోల్చాడు?
3. అశ్వహృదయం, అక్షహృదయం అనే విద్యలను ఈ పాఠానికి అన్వయించండి.

III. ఈ కింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. బాహుకుడు ఎవరు?
2. ఓవర్‌స్టీర్ అంటే ఏమిటి?
3. వేగం రెట్టింపైతే మలుపు తిరగడానికి కావలసిన బలం ఎన్ని రెట్లవుతుంది?
4. 1973లో ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌ను సాధించిన సంస్థ ఏది?

IV. సంధులు
నలోపాఖ్యానం = నల + ఉపాఖ్యానం – గుణసంధి
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘసంధి
సత్యాన్వేషణ = సత్య + అన్వేషణ – సవర్ణదీర్ఘసంధి

V. సమాసాలు
అశ్వహృదయం – అశ్వం యొక్క హృదయం – షష్ఠీ తత్పురుష సమాసం
యువతీయువకులు – యువతులును, యువకులును – ద్వంద్వ సమాసం
మూడు చక్రాలు – మూడైన చక్రాలు – ద్విగు సమాసం